యాంటెన్నా తీసేసినా తగ్గని హోరు: 7 మెగాహెర్ట్జ్ రిసీవర్‌లో లోపలి నాయిస్‌ను ఎలా తగ్గించాలి?

కొత్తటంకం

అందరికీ నమస్కారం. 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కోసం నేను సొంతంగా కట్టుకున్న సూపర్‌హెట్ (వచ్చిన సంకేతాన్ని ఒక స్థిర ఫ్రీక్వెన్సీకి మార్చి పెంచే రకం) రిసీవర్ గురించి సలహా కోరుతున్నాను. అమరికలో కొత్తదనం ఏమీ లేదు. ఇన్‌పుట్ వద్ద ఒక ట్యూన్డ్ సర్క్యూట్, దాని వెనుక మిక్సర్‌గా ఎన్‌ఈ602 చిప్, 9 మెగాహెర్ట్జ్ వద్ద నాలుగు క్రిస్టళ్ల ల్యాడర్ ఫిల్టర్, ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) ఆంప్లిఫయర్‌గా ఎంసీ1350, ప్రొడక్ట్ డిటెక్టర్‌గా (ఐఎఫ్ సంకేతాన్ని వినిపించే ధ్వనిగా మార్చే దశ) మరొక ఎన్‌ఈ602, చివర హెడ్‌ఫోన్లను నడపడానికి ఎల్‌ఎం386 ఉన్నాయి. లోకల్ ఆసిలేటర్ పని ఎస్‌ఐ5351 చేస్తుంది. దాన్ని నడిపే మైక్రోకంట్రోలర్, ఫ్రీక్వెన్సీ చూపే చిన్న ఓలెడ్ తెర కూడా అదే పెట్టెలో ఉన్నాయి.

బలమైన స్టేషన్ల విషయంలో ఏ ఇబ్బందీ లేదు. అయితే యాంటెన్నా తీసేసినా హెడ్‌ఫోన్లలో ఎడతెగని హోరు వినిపిస్తోంది; యాంటెన్నా తగిలించినప్పుడు ఆ హోరు పెరిగిందో లేదో చెవికి తెలిసీ తెలియనట్టుగా ఉంటోంది. ఇదే యాంటెన్నాను మరొక రిసీవర్‌కు తగిలిస్తే హాయిగా రాసుకోగలిగిన బలహీనమైన మోర్స్ సంకేతాలు నా రిసీవర్‌లో హోరు కింద మునిగిపోతున్నాయి.

మూడు మార్పులు అనుకున్నాను: ఎల్‌ఎం386 తీసేసి మంచి ఆడియో చిప్ పెట్టడం, రెసిస్టర్లన్నింటినీ మెటల్ ఫిల్మ్ రకానికి మార్చడం, మిక్సర్ ముందు ఒక ఆర్‌ఎఫ్ ప్రీఆంప్ (రేడియో సంకేతాన్ని ముందుగానే పెంచే దశ) చేర్చడం. వీటిలో దేనితో మొదలుపెట్టడం మంచిది?

పాతవాల్వు

కొత్తటంకం గారూ, సోల్డరింగ్ ఐరన్ ఇప్పుడే వేడి చేయకండి. మీరు చెప్పిన మూడు మార్పులూ ఎక్కడో ఒకచోట ఎవరికో పనికొచ్చినవే. కానీ మీ రిసీవర్‌లో హోరు ఏ దశలో పుడుతోందో తెలియకుండా చేసే మార్పు చీకట్లో విసిరిన రాయి అవుతుంది.

ముందు ఎంత నాయిస్ ఉండడం సహజమో చూద్దాం. గది ఉష్ణోగ్రత వద్ద ఏ నిరోధమైనా హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డెసిబెల్స్) థర్మల్ నాయిస్ ఇస్తుంది. 2.4 కిలోహెర్ట్జ్ ఎస్‌ఎస్‌బీ (ఒకే పక్కతో మాటను పంపే పద్ధతి) వెడల్పుకు అది మైనస్ 140 డీబీఎం అవుతుంది. రిసీవర్ నాయిస్ ఫిగర్ (అది సొంతంగా చేర్చే నాయిస్‌కు కొలత) 10 డెసిబెల్స్ అయితే, దాని సొంత నాయిస్ యాంటెన్నా సాకెట్ వద్ద మైనస్ 130 డీబీఎంతో సమానం. మరోవైపు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య వారి పి.372 సిఫారసులోని సూత్రాల ప్రకారం లెక్కిస్తే, 7 మెగాహెర్ట్జ్ వద్ద ఇళ్ల మధ్య బయటి నాయిస్ థర్మల్ స్థాయికి సుమారు 49 డెసిబెల్స్ పైన, జనసంచారం లేని నిశ్శబ్ద ప్రదేశంలో సుమారు 29 డెసిబెల్స్ పైన ఉంటుంది. అంటే ఎంత నిశ్శబ్దమైన చోటనైనా, నష్టంలేని యాంటెన్నా ఉంటే, మామూలు రిసీవర్ నాయిస్ కన్నా బయటి నాయిస్ 19 డెసిబెల్స్ ఎక్కువగా ఉండాలి. యాంటెన్నా పొట్టిదో, తక్కువ ఎత్తులో ఉన్నదో అయితే ఈ తేడా కొంత తగ్గవచ్చు. తెలిసీ తెలియనంతగా మాత్రం తగ్గకూడదు. కాబట్టి మీ అనుమానం సరైనదే.

ఇక కొలత. యాంటెన్నా సాకెట్‌ను ఖాళీగా వదిలి కొలిస్తే ఇన్‌పుట్ సర్క్యూట్ వేరేలా ప్రవర్తిస్తుంది కాబట్టి అక్కడ 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఏజీసీ (గెయిన్‌ను, అంటే పెంపును, తానే సర్దుకునే ఏర్పాటు) పనిచేస్తూ ఉంటే కొలతలన్నీ అబద్ధం చెబుతాయి. ఎంసీ1350 5వ పిన్‌ను 5 వోల్టుల వద్ద స్థిరంగా ఉంచి, పూర్తి గెయిన్‌లో కొలవండి. మీటర్‌కు ముందు 1 కిలోఓమ్, 0.047 మైక్రోఫారాడ్‌లతో చిన్న లోపాస్ పెడితే 3.4 కిలోహెర్ట్జ్ పైనున్న హోరు చాలావరకు పక్కకు పోయి, మాటను నిజంగా ముంచే నాయిస్ మాత్రమే లెక్కకు వస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. నాయిస్ ఇన్ని మిల్లీవోల్టులు అని విడిగా చెబితే దానికి అర్థం లేదు, ఎందుకంటే వాల్యూమ్ తగ్గిస్తే అదీ తగ్గుతుంది. ఒక క్రిస్టల్ ఆసిలేటర్‌ను రేకు డబ్బాలో మూసి, అటెన్యుయేటర్ ద్వారా సాకెట్‌కు ఇచ్చి, ఆ టోన్ ప్రతిసారీ 200 మిల్లీవోల్టులు వచ్చేలా వాల్యూమ్ సరిచేయండి. ఆపైన టోన్ ఆపి నాయిస్ కొలవండి. 50 ఓమ్‌లతో ఒకసారి, యాంటెన్నాతో ఒకసారి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఒకసారి, క్రిస్టల్ ఫిల్టర్ చివరను ఐఎఫ్ నుంచి విడదీసి మరొకసారి. ఈ చివరి కొలతలో ఐఎఫ్ ఇన్‌పుట్‌ను నేరుగా భూమికి కలిపేయకండి. ఫిల్టర్ ఇంపిడెన్స్ (ఏసీకి చూపే నిరోధం) ఎంతో అంత రెసిస్టర్‌ను ఫిల్టర్ స్థానంలో, ఒక కెపాసిటర్ ద్వారా పెట్టండి. లేకపోతే చిప్ కరెంట్ నాయిస్ మీ కొలతలోకి రాకుండా తప్పించుకుంటుంది.

తెరచాటు

కొలతలకు ముందు ఒక్క నిమిషం ఓలెడ్ తెరను విప్పి వినమని నా మనవి. ఈ తెరల్లో చాలావాటిలో లోపలే వోల్టేజీ పెంచే చార్జ్ పంప్ ఉంటుంది. అది కరెంట్‌ను ముక్కలు ముక్కలుగా లాగుతూ, సరఫరా తీగ మీదుగా ఆడియో దశలోకి చొరబడుతుంది. నా మొదటి రిసీవర్‌లో మూడు వారాల పాటు ట్రాన్సిస్టర్లు మారుస్తూ కూర్చున్నాను. చివరికి వేరే పని మీద తెర తీగలు పీకితే, సగం రొద తెరతోపాటే పోయింది.

గుర్తుపట్టడం కష్టం కాదు. థర్మల్ హోరు వాన చప్పుడులా ఒకే తీరుగా ఉంటుంది. డిజిటల్ నాయిస్‌లో మాత్రం సన్నని ఈల, చిటపటలు ఉంటాయి. తెర మీద అంకె మారినప్పుడల్లా దాని గొంతు కూడా మారుతుంది. అలాంటిదేమైనా వినిపిస్తే తెర సరఫరాలో 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత 100 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెట్టి చూడండి. తెర నుంచి వచ్చే భూమి తీగను ఆడియో భూమితో మధ్యలో ఎక్కడా కలపకుండా నేరుగా సరఫరా మొదలు వరకు తీసుకువెళ్లండి. ప్రోగ్రాం తెరను అస్తమానం తిరగరాస్తూ ఉంటే, ఫ్రీక్వెన్సీ మారినప్పుడు మాత్రమే రాసేలా మార్చండి.

కొత్తటంకం

ఇద్దరికీ ధన్యవాదాలు. తెర విప్పి చూశాను. నిజానికి సన్నని ఈల ఒకటి ఉండేదని అది పోయాకే తెలిసింది! 100 ఓమ్‌లు, 100 మైక్రోఫారాడ్ పెట్టాక తెర తిరిగి తగిలించినా ఈల రావడం లేదు. కానీ అసలు హోరు అలాగే ఉంది.

టోన్‌ను 200 మిల్లీవోల్టుల వద్ద ఉంచి తీసుకున్న కొలతలు ఇవి. 50 ఓమ్‌లతో 20 మిల్లీవోల్టులు, యాంటెన్నాతో 27 మిల్లీవోల్టులు. వాల్యూమ్ సున్నా చేస్తే 2 మిల్లీవోల్టులు. ఫిల్టర్ చివరను విడదీసి, దాని బదులు 220 ఓమ్‌లు పెడితే 14 మిల్లీవోల్టులు. ఎక్కువ హోరు ఫిల్టర్ వెనుకే పుడుతోందని 14 చూసి అనుకున్నాను, సరేనా?

ఫిల్టర్ ఇంపిడెన్స్ సుమారు 200 ఓమ్‌లు. మిక్సర్ 4వ పిన్ నుంచి ఒక కప్లింగ్ కెపాసిటర్ ద్వారా నేరుగా ఫిల్టర్‌కు కలిపాను. అవతలి వైపు ఐఎఫ్ ఇన్‌పుట్ వద్ద 220 ఓమ్‌ల రెసిస్టర్‌ను భూమికి పెట్టాను.

నలభైమీటర్లు

మంచి కొలతలు. అయితే నాయిస్ వోల్టేజీలను నేరుగా కూడకూడదు, తీసివేయకూడదు, వర్గాలను కూడాలి. 20 వర్గం 400. వాల్యూమ్ వెనుక ఉన్న ఎల్‌ఎం386 వాటా 2 వర్గం, అంటే 4. మీరు మార్చేద్దామనుకున్న చిప్ మొత్తం నాయిస్ శక్తిలో నూటికి ఒక పాలు మాత్రమే! 14 వర్గం 196. అందులోంచి 4 తీసేస్తే ఐఎఫ్, డిటెక్టర్ దశల వాటా 192. మిగిలిన 204 మిక్సర్‌ది, దాని ముందున్న భాగానిది. అంటే ఫిల్టర్‌కు ముందూ వెనుకా హోరు దాదాపు సగం సగం పుడుతోంది.

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రీస్ 1944లో ప్రచురించిన సూత్రం ప్రకారం, వెనుక దశల నాయిస్ ముందు దశల గెయిన్‌తో భాగించబడుతుంది. మిక్సర్ ఇచ్చే 17 డెసిబెల్స్ గెయిన్ ఐఎఫ్ వరకు నిజంగా చేరితే, ఐఎఫ్ వాటా ఇంత ఉండే అవకాశం లేదు. గెయిన్ దారిలోనే కారిపోతోంది. ఎక్కడ కారుతోందో మీ చివరి పేరాలోనే ఉంది.

ఎన్‌ఈ602 అవుట్‌పుట్ నిరోధం ఒక్కో పిన్‌కు 1.5 కిలోఓమ్‌లు. దాన్ని 200 ఓమ్‌ల ఫిల్టర్‌కు నేరుగా కలిపితే అందే శక్తి 41 శాతం మాత్రమే, అంటే 3.8 డెసిబెల్స్ నష్టం. పైగా ఫిల్టర్‌కు తన ఇంపిడెన్స్ కనిపించక దాని పాస్‌బ్యాండ్ (సంకేతాన్ని సాగనిచ్చే పరిధి) ఎగుడుదిగుడు అవుతుంది. ఇది మొదటి కన్నం. రెండోది ఇంకా పెద్దది. ఐఎఫ్ చిప్‌కు కావలసింది వోల్టేజీ. దాని సొంత నాయిస్‌ను దాటాల్సినది ఆ వోల్టేజీయే. మీరు 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఫిల్టర్‌ను తృప్తిపరిచారు కానీ చిప్‌ను పస్తు పెట్టారు.

రెండు వైపులా ఒకే ఎల్ నెట్‌వర్క్ (ఒక కాయిల్, ఒక కెపాసిటర్‌తో ఇంపిడెన్స్ మార్చే జత) సరిపోతుంది. 1500ను 200గా మార్చాలంటే క్యూ విలువ సుమారు 2.55 వస్తుంది, 9 మెగాహెర్ట్జ్ వద్ద అందుకు 9 మైక్రోహెన్రీల కాయిల్ వరుసలో, 30 పికోఫారాడ్ కెపాసిటర్ భూమికి కావాలి. కెపాసిటర్ ఎప్పుడూ 1500 ఓమ్‌ల వైపే ఉండాలి, అంటే ఇటు 4వ పిన్ దగ్గర, అటు ఐఎఫ్ ఇన్‌పుట్ దగ్గర. టీ50-2 ఎర్ర రింగు మీద 43 చుట్లు చుడితే 9 మైక్రోహెన్రీలు వస్తుంది. ఐఎఫ్ వైపు 220 ఓమ్‌ల రెసిస్టర్ తీసేసి, చిప్ సొంత నిరోధంతో కలిసి 1.5 కిలోఓమ్‌లు అయ్యేంత రెసిస్టర్ పెట్టండి. డీసీ ఆపే కెపాసిటర్లు మరచిపోకండి. ఇటు 3.8 డెసిబెల్స్, అటు వోల్టేజీ 2.7 రెట్లు కాబట్టి దాదాపు 8.7 డెసిబెల్స్, మొత్తం 12.5. కొత్త ట్రాన్సిస్టర్ ఒక్కటీ లేకుండా ఐఎఫ్ నాయిస్ వాటా 18వ వంతుకు పడిపోతుంది.

రెసిస్టర్లన్నీ మార్చే ఆలోచన వదిలేయండి. పాత కార్బన్ కాంపోజిషన్ రకం అదనపు నాయిస్ ఇచ్చే మాట నిజమే కానీ, దాని గుండా డీసీ ప్రవహిస్తున్నప్పుడు, అదీ తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే అది లెక్కకు వస్తుంది. ప్రీఆంప్ అయితే అసలే వద్దు. ఎన్‌ఈ602 ఇన్‌పుట్ ఇంటర్‌సెప్ట్ (బలమైన సంకేతాలను తట్టుకునే శక్తికి కొలత) సుమారు మైనస్ 15 డీబీఎం; దాని ముందు 15 డెసిబెల్స్ గెయిన్ పెడితే, రాత్రిపూట 7.2 మెగాహెర్ట్జ్ పైనున్న ప్రసార కేంద్రాలన్నీ కలిసి మీ బ్యాండ్ నిండా దయ్యపు సంకేతాలు పుట్టిస్తాయి.

చెవిమాట

లెక్క బాగుంది, కానీ ఎల్‌ఎం386ను అంత తేలికగా వదిలేయడం నాకు నచ్చలేదు. నూటికి ఒక పాలు అన్నది 3.4 కిలోహెర్ట్జ్ లోపల కొలిచిన మాట. హెడ్‌ఫోన్లలో వినేవాడికి ఆ పైనున్న హోరు కూడా వినిపిస్తుంది. గంటసేపు విన్నాక చెవిని అలసిపోయేలా చేసేది అదే. 1, 8 పిన్‌ల మధ్య కెపాసిటర్ తీసేస్తే గెయిన్ 200 నుంచి 20కి దిగుతుంది. ఆ పది రెట్లను ఎన్‌ఈ5532 అనే తక్కువ నాయిస్ ఆడియో చిప్‌తో ముందే ఇవ్వవచ్చు. ఫీడ్‌బ్యాక్‌లో 1 కిలోఓమ్, 10 కిలోఓమ్‌ల స్థాయి రెసిస్టర్లే వాడండి. 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ తానొక్కటే రూట్ హెర్ట్జ్‌కు 40 నానోవోల్టులు నాయిస్ ఇస్తుంది. 5 నానోవోల్టుల చిప్ కొని దాని పక్కన దాన్ని కూర్చోబెట్టడంలో అర్థం లేదు.

మరొక సూచన. ఐఎఫ్ ఆంప్లిఫయర్ సొంత నాయిస్ క్రిస్టల్ ఫిల్టర్ తర్వాత పుడుతుంది కాబట్టి దాన్ని వడకట్టేవారు లేరు. ప్రొడక్ట్ డిటెక్టర్ రెండు పక్కల నుంచీ దాన్ని కిందికి దించుతుంది. ఐఎఫ్‌కు, డిటెక్టర్‌కు మధ్య రెండు క్రిస్టళ్ల చిన్న ఫిల్టర్ పెడితే అవసరంలేని పక్క కోసుకుపోతుంది.

నలభైమీటర్లు

ఆ ఫిల్టర్ సంగతి నిజమే. కాకపోతే మాట వినిపించే మేరలో అది ఐఎఫ్ వాటాను సగానికి మించి తగ్గించలేదు. ముందు ఎల్ నెట్‌వర్క్‌లు పెడితే ఆ వాటా 192 నుంచి 11కు వస్తుంది. అందులో సగం కోసం రెండు క్రిస్టళ్లు ఖర్చు చేయడం ఇప్పుడు అక్కర్లేదు. చెవి అలసట గురించి మీరన్నదానితో నాకు పేచీ లేదు.

పాతవాల్వు

ఐఎఫ్ లెక్క తేలింది. కానీ నన్ను ఇంకా ఇబ్బంది పెడుతున్నది యాంటెన్నాతో వచ్చిన 27. దాని వర్గం 729. అందులో 400 లోపలిదైతే, యాంటెన్నా తెచ్చినది 329. ఫిల్టర్‌కు ముందు భాగపు 204 కన్నా అది 2 డెసిబెల్స్ మాత్రమే ఎక్కువ. ఐఎఫ్‌ను పూర్తిగా నిశ్శబ్దం చేసినా ఈ తేడా పెరగదు. ఎన్‌ఈ602 సొంత నాయిస్ ఫిగర్ 5 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది కాబట్టి దోషం చిప్‌ది కాదు. బయటి నుంచి వచ్చేది మిక్సర్ గడప దాకా రావడం లేదు.

ఇన్‌పుట్ ట్యూన్డ్ సర్క్యూట్‌లో ట్రిమ్మర్ ఉండే ఉంటుంది. యాంటెన్నా తగిలించి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో దాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పుతూ వినండి. ట్రిమ్మర్‌లో అర్ధచంద్రాకారపు పలక చుట్టూ తిరుగుతుంది కాబట్టి సరైన కెపాసిటెన్స్ ఒక చుట్టులో రెండుసార్లు రావాలి. అంటే హోరు రెండుచోట్ల శిఖరానికి చేరాలి. ఒకే శిఖరం కనిపిస్తే మీరు శిఖరం మీద లేరు, ట్రిమ్మర్ పరిధి చివర ఆగిపోయారని అర్థం.

కొత్తటంకం

ఆలస్యానికి మన్నించండి. రెండు ఎల్ నెట్‌వర్క్‌లూ పెట్టాను. టోన్‌ను మళ్లీ 200 మిల్లీవోల్టులకు తెచ్చాక (వాల్యూమ్ బాగా తగ్గించవలసి వచ్చింది) 50 ఓమ్‌లతో 15, యాంటెన్నాతో 23 మిల్లీవోల్టులు వచ్చాయి. లెక్క ప్రకారం రావలసినంతే వచ్చింది.

ట్రిమ్మర్ విషయంలో పాతవాల్వు గారి మాట అక్షరాలా నిజమైంది. పూర్తి చుట్టులో ఒకటే శిఖరం, అదీ పలకలు పూర్తిగా ఒకదాని మీద ఒకటి కప్పుకున్నచోట. కారణం కూడా అప్పటికే నా చేతిలో ఉంది. 43 చుట్ల కోసం పెట్టెలోంచి ఎర్ర రింగు తీసినప్పుడు, ఇన్‌పుట్ కాయిల్ రింగు వైపు చూస్తే అది పసుపు. ఎర్ర రింగు కోసం వేసిన చుట్ల లెక్కతో టీ50-6 మీద చుట్టాను! ఒకే చుట్లకు పసుపు రింగు ఇండక్టెన్స్ ఎర్రదాని కన్నా సుమారు 18 శాతం తక్కువ. అందుకే సర్క్యూట్ బ్యాండ్‌కు ఎంతో పైన ట్యూన్ అయి ఉంది, ట్రిమ్మర్ దాన్ని కిందికి లాగలేక చివరకొచ్చి ఆగిపోయింది.

కాయిల్ మళ్లీ చుట్టకుండా ముందు 22 పికోఫారాడ్ ట్రిమ్మర్‌కు సమాంతరంగా టంకం వేసి చూశాను. రెండు శిఖరాలు వచ్చాయి. యాంటెన్నా తగిలించగానే హెడ్‌ఫోన్లు ఒక్కసారిగా నిండిపోయాయి. మొదటి క్షణం ఏదో పాడుచేశాననే అనుకున్నాను. టోన్‌ను 200కు సరిచేసి కొలిస్తే 50 ఓమ్‌లతో 4.2, యాంటెన్నాతో 18.6 మిల్లీవోల్టులు. తేడా దాదాపు 13 డెసిబెల్స్. నిన్న రాత్రి, ఇదివరకు మునిగిపోయే స్థాయి మోర్స్ సంకేతాలు రెండు తప్పు లేకుండా రాసుకున్నాను.

ఒక సందేహం మిగిలింది. 4.2 వర్గం 17.6, ఎల్‌ఎం386 వాటా ఇప్పటికీ 4. అంటే నూటికి ఒక పాలుగా ఉన్నది ఇప్పుడు దాదాపు పావు వంతు అయింది కదా?

చెవిమాట

అయింది. మిగతావన్నీ తగ్గాయి, అది ఉన్నచోటే ఉంది. కానీ యాంటెన్నాతో వచ్చే 346లో ఆ 4 ఎంతో మీరే చూడండి. సంకేతాలు రాసుకోవడానికి అది అడ్డు కాదు. మీ చెవి కోసం మార్చదలచుకుంటే మాత్రం, గెయిన్ 20కి దించి ఎన్‌ఈ5532 పెట్టే పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. దాని సరఫరాకు విడిగా ఒక రెసిస్టర్, కెపాసిటర్ ఇవ్వండి, లేకపోతే ఎల్‌ఎం386 తీసుకునే కరెంట్ తిరిగి ఎన్‌ఈ5532 ఇన్‌పుట్‌లో ఈలగా వినిపిస్తుంది.